ఒకటి పక్కన 19 సున్నాలు: అంతరిక్షంలో గనులు నిజంగా వ్యాపారమవుతాయా?

పాతచెట్టు | ఆదివారం సాయంత్రం 6:12

అందరికీ నమస్కారం. నేను సైన్సు చదివినవాణ్ణి కాదు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ప్రశ్న అడ్డదిడ్డంగా ఉంటే సర్దుకోండి.

మా మేనల్లుడు మైనింగ్ ఇంజినీరు. నాలుగేళ్ళుగా గనిలో ఉద్యోగం. ఇప్పుడు అది వదిలేసి 'స్పేస్ రిసోర్సెస్' అనే పీజీ చేస్తానంటున్నాడు. చంద్రుడి మీదా గ్రహశకలాల మీదా ఎలా తవ్వాలో నేర్పే చదువట. కొలరాడో స్కూల్ ఆఫ్ మైన్స్‌లో 2018 నుంచీ ఉందని చూపించాడు. వాళ్ళమ్మకి ఒకటే టెన్షన్. "నీ మాటైతే వింటాడు, నువ్వు చెప్పన్నయ్యా" అంటోంది.

చెప్పేముందు తెలుసుకుందామని నెట్‌లో వెతికితే, సైకీ అనే గ్రహశకలం విలువ ఒకటి పక్కన 19 సున్నాలు పెట్టినన్ని డాలర్లని కనిపించింది. నా సర్వీసులో ఎవరైనా ఇలాంటి ప్రాజెక్టు రిపోర్టు పట్టుకొస్తే కూర్చోమని కూడా అనేవాణ్ణి కాదు. కానీ మా వాడు తెలివితక్కువవాడు కాదు. అందుకే అడుగుతున్నా. ఇందులో వ్యాపారం ఉందా? ఉంటే సరుకేంటి, కొనేవాడెవడు?

---

లెక్కలపిచ్చి | ఆదివారం సాయంత్రం 6:50

ఆ 19 సున్నాల సంగతి ముందు తేల్చేద్దాం. అది సైకీ యాత్రకు నాయకత్వం వహిస్తున్న శాస్త్రవేత్త లిండీ ఎల్కిన్స్-టాంటన్ సరదాగా వేసిన లెక్క. అందులో ఉన్న ఇనుమంతటినీ భూమి మీద ధరకి అమ్మితే ఎంతొస్తుందని. పత్రికలు సరదాని వదిలేసి సున్నాలు పట్టుకున్నాయి.

ప్రపంచ దేశాలన్నిటి ఏడాది ఉత్పత్తి కలిపితే సుమారు 100 లక్షల కోట్ల డాలర్లు. అంటే ఆ రాయి కొనాలంటే ప్రపంచమంతా తిండి మానేసి లక్ష ఏళ్ళు కూడబెట్టాలి. కొనేవాడు లేని సరుకుకి ధరేంటండీ?

పైగా సైకీ మొత్తం లోహమే అన్న మాటా ఇప్పుడు నిలవట్లేదు. ఘనపరిమాణంలో లోహం 30 నుంచి 60 శాతం ఉండొచ్చని ఇప్పటి అంచనా. 2023 అక్టోబరులో బయల్దేరిన నౌక 2029లో అక్కడికి చేరితే తెలుస్తుంది. అదీ చుట్టూ తిరిగి చూడటానికే, తవ్వడానికి కాదు. దూరపు కొండలు నునుపు.

---

వేగుచుక్క | ఆదివారం రాత్రి 8:05

సున్నాల మీద జోకులు వెయ్యడం తేలికే. కానీ ఈ రంగంలో మారింది ధరల పట్టిక అని గమనించండి. స్పేస్ షటిల్ రోజుల్లో ఒక కిలో సరుకు కక్ష్యలోకి పంపాలంటే 50,000 డాలర్ల పైమాటే. స్పేస్‌ఎక్స్ వాళ్ళ ఫాల్కన్ 9 రాకెట్ లెక్కలో అది 3,000 లోపు. 2015 డిసెంబరులో మొదటిసారి దాని బూస్టర్, అంటే కింది దశ, తిరిగొచ్చి నేలమీద నిలబడింది, 2017లో వాడిన బూస్టర్‌నే మళ్ళీ ఎగరేశారు. అంతకుముందు దీన్ని నమ్మనివాళ్ళే ఎక్కువ.

ప్రైవేటు ల్యాండర్లు చంద్రుడి మీద దిగుతున్నాయి. ఫైర్‌ఫ్లై వాళ్ళ బ్లూ ఘోస్ట్ 2025 మార్చి 2న చక్కగా నిలబడి దిగింది. ఇరవై ఏళ్ళ కిందట ఇవేవీ లేవు. పాతచెట్టు గారూ, మీ మేనల్లుడు సరైన సమయంలోనే కదులుతున్నాడని నా అభిప్రాయం.

---

పుల్లవిరుపు | ఆదివారం రాత్రి 8:31

> ప్రైవేటు ల్యాండర్లు చంద్రుడి మీద దిగుతున్నాయి

దిగుతున్నాయి, పడుతున్నాయి కూడా. 2019లో బెరెషీట్ కూలింది. ఐస్పేస్ వాళ్ళవి 2023లో ఒకటి, 2025లో ఒకటి కూలాయి. పెరెగ్రిన్ చంద్రుడి దాకా కూడా పోలేదు. ఇంట్యూటివ్ మెషీన్స్ రెండుసార్లు దిగింది, రెండుసార్లూ పక్కకి పడుకుంది. గని తవ్వేవాడు ముందు నిలబడాలిగా.

ఇక కంపెనీల చరిత్ర. ప్లానెటరీ రిసోర్సెస్ 2012లో బోలెడంత ఆర్భాటంగా బయటికొచ్చింది. లారీ పేజ్, ఎరిక్ ష్మిట్ లాంటి పెట్టుబడిదారులు. ఆరేళ్ళు తిరిగేసరికి డబ్బైపోయి, 2018లో ఒక బ్లాక్‌చెయిన్ కంపెనీ కొనేసుకుంది. లక్సెంబర్గ్ ప్రభుత్వం అందులో పెట్టిన 1.2 కోట్ల యూరోలు గంగలో కలిశాయి. డీప్ స్పేస్ ఇండస్ట్రీస్ కూడా 2019 మొదట్లో వేరే కంపెనీ చేతిలోకి పోయింది. ఇప్పుడు ఆస్ట్రోఫోర్జ్. 2025 ఫిబ్రవరిలో ఓడిన్ అనే నౌకని ఒక గ్రహశకలం వైపు పంపారు, దాంతో మాట కలవలేదు.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

---

గనిమనిషి | ఆదివారం రాత్రి 10:40

షిఫ్టు దిగి ఇప్పుడే చూశాను. ఇరవై రెండేళ్ళుగా గనుల్లో ఉన్నాను కాబట్టి ఒక మాట.

మా దగ్గర 'ఖనిజం ఉంది' అన్న మాటకి విలువ లేదు. సముద్రపు నీళ్ళలో బంగారం ఉంది, ఎవరైనా తీస్తున్నారా? ఎంత గ్రేడు, ఎంత లోతు, పైన ఎంత మట్టి తొలగించాలి, కరెంటెక్కడ, దారెక్కడ, తీశాక చెత్త ఎక్కడ పోస్తాం, ఇవన్నీ తేలి, చివర్లో ఖర్చు కంటే ధర ఎక్కువుంటేనే దాన్ని మేం 'ఓర్' అంటాం. అప్పటిదాకా అది రాయే. ఇప్పుడు ఆకాశంలో ఉన్నవన్నీ రాళ్ళే. ఓర్ ఒక్కటీ లేదు.

ఇంకో సంగతి. మా పనంతా బరువు మీద ఆధారపడింది. డోజర్ నేలని గీరుతోందంటే అది బరువుగా ఉండబట్టే. ట్రక్కు ఒంపితే సరుకు కింద పడుతుంది. క్రషర్‌లో రాయి తనంతట తాను జారుతుంది. గ్రహశకలం మీద ఇవేవీ జరగవు. 2020లో నాసా నౌక ఒసిరిస్-రెక్స్ బెన్నూ అనే గ్రహశకలాన్ని తాకినప్పుడు గట్టి నేల తగులుతుందనుకుంటే, చెయ్యి అర మీటరు దాకా లోపలికి దిగిపోయింది. 490 మీటర్ల రాయనుకున్నది నిజానికి గులకరాళ్ళ కుప్ప. వెంటనే ఇంజన్లు మండించి వెనక్కి రాకపోతే ఇంకా దిగబడేదే.

అలా పట్టుకొచ్చింది 121.6 గ్రాములు. డబ్బా ఇంటికొచ్చాక 35 బిగింపుల్లో రెండు ఊడిరాక, వాటికి కొత్త పనిముట్లు తయారుచేసి మూత తీసేసరికి మూడు నెలలు దాటింది. ఇది నవ్వడానికి చెప్పట్లేదు. మా వర్క్‌షాపులోనూ రోజూ జరిగేది ఇదే, కాకపోతే మాకు గ్యాస్ కట్టర్ ఉంటుంది.

---

లెక్కలపిచ్చి | ఆదివారం రాత్రి 10:58

ఆ యాత్ర మొత్తం ఖర్చు సుమారు 116 కోట్ల డాలర్లు. గ్రాముకి 95 లక్షలు పడింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, ఇంత ఖరీదైన ఎలుక ఇదే.

---

వేగుచుక్క | ఆదివారం రాత్రి 11:10

అది సైన్సు యాత్ర బాబూ, గని కాదు. రక్తపరీక్షకి తీసిన చుక్కని లీటరు లెక్కన వెల కడతారా?

---

లెక్కలపిచ్చి | ఆదివారం రాత్రి 11:14

ఒప్పుకుంటున్నా. పోలిక బాగుంది, ఎలుకని వెనక్కి తీసుకుంటున్నా.

---

ఇంధనం | సోమవారం ఉదయం 7:20

అందరూ 'అక్కడినుంచి ఇక్కడికి తేవడం' గురించే మాట్లాడుతున్నారు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళలో చాలామంది ఆ ఆలోచన ఎప్పుడో పక్కన పెట్టేశారు. ప్లాటినం తెచ్చి ఇక్కడ అమ్ముదామంటే, ప్రపంచంలో గనుల నుంచి వచ్చే ప్లాటినమే ఏడాదికి 200 టన్నుల లోపు. పైనుంచి వంద టన్నులు దింపితే ధర కూలిపోతుంది. అల్యూమినియం కథ తెలుసుగా. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభం కొసన గౌరవంగా అల్యూమినియం తొడిగారు, అప్పుడది వెండి ధర పలికేది. రెండేళ్ళకి హాల్, హెరూ విడివిడిగా కరెంటుతో తీసే పద్ధతి కనిపెట్టారు. ఇవాళ వంటింటి గిన్నె. మనుషులకి అది మేలే. కానీ పాత ధర చూసి అప్పు తెచ్చినవాడి గతేమిటి?

అసలు సరుకు నీళ్ళు. నవ్వకండి. ఫాల్కన్ 9 లేచేటప్పుడు 549 టన్నులు. భూకక్ష్యకి చేరే సరుకు గరిష్ఠంగా 22.8 టన్నులు. మిగతాదాంట్లో దాదాపు అంతా ఇంధనమే, అంటే ఇంధనాన్ని మోయడానికే ఇంధనం. భూమి నుంచి కక్ష్య ఎక్కాలంటే, దారిలో నష్టాలతో కలిపి, సెకనుకు సుమారు 9.4 కిలోమీటర్ల వేగం కూడగట్టాలి. చంద్రుణ్ణి వదిలి పోవాలంటే 2.4 చాలు. నీటిని విడగొడితే హైడ్రోజన్, ఆక్సిజన్. రెండూ రాకెట్ ఇంధనం. అక్కడే తీసి అక్కడే నింపుకుంటే కిందనుంచి మోసే బాధ తప్పుతుంది.

నీళ్ళున్నాయా అంటే ఉన్నాయి. చంద్రయాన్-1 మీద ఉన్న పరికరం 2009లో ఆనవాళ్ళు చూపించింది. అదే ఏడాది అక్టోబరు 9న ఎల్‌క్రాస్ యాత్రలో ఖాళీ రాకెట్ దశని దక్షిణధ్రువం దగ్గర కాబియస్ బిలంలో గుద్దించారు. లేచిన దుమ్ములో బరువులో 5.6 శాతం దాకా నీరు తేలింది. బంగారం వెంట పడేవాళ్ళు పడనివ్వండి, మనం నీళ్ళ గురించి మాట్లాడుకుందాం.

---

గనిమనిషి | సోమవారం మధ్యాహ్నం 1:35

ఇది కాస్త గనిలా వినిపిస్తోంది. 5 శాతం గ్రేడంటే టన్ను నీటికి 20 టన్నుల మట్టి. భూమ్మీద అది ఒక్క టిప్పర్ లోడు. మా దగ్గర టీ తాగేలోపు అయిపోయే పని.

కానీ ఆ మట్టి ఎండ ఎన్నడూ తగలని బిలాల్లో ఉంది, మైనస్ 200 డిగ్రీల కింద. ఆ చలికి మామూలు ఉక్కు గాజులా పెళుసెక్కుతుంది, గ్రీజు గడ్డకడుతుంది. చంద్రుడి దుమ్ము అరగని గాజుపొడి లాంటిది. గాలీ నీరూ లేక అంచులు మొద్దుబారవు. అపోలో వాళ్ళు మూడేసి రోజులే ఉన్నా సూట్ల జాయింట్లు, సీళ్ళు దెబ్బతిన్నాయి. గని యంత్రం మూడు రోజులు పనిచేస్తే సరిపోదు, వేల గంటలు తిరగాలి. బేరింగు మార్చేవాడు అక్కడ ఎవరు?

---

లెక్కలపిచ్చి | సోమవారం మధ్యాహ్నం 2:20

కరెంటు లెక్క వేశాను. ఒక కిలో నీటిని విడగొట్టడానికి సిద్ధాంతపరంగానే 4.4 యూనిట్లు కావాలి. రోజుకి టన్ను చెయ్యాలంటే రాత్రీపగలూ ఆగకుండా 180 కిలోవాట్ల పైన. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మొదట అమర్చిన సౌరఫలకాలన్నీ కలిపి ఇచ్చేది 84 నుంచి 120. ఇది విడగొట్టడానికే. మట్టిని వేడిచేసి నీరు తియ్యడం, హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీలకి చల్లార్చడం, అది ఆవిరైపోకుండా దాచడం వేరే ఖర్చు. సూర్యుడేమో బిలం అంచున, నీళ్ళేమో బిలం అడుగున.

---

వేగుచుక్క | సోమవారం రాత్రి 7:45

సరే, భూమికి తెచ్చి అమ్మే సరుకు ఒక్కటైనా ఉంది: హీలియం-3, అంటే హీలియం వాయువులో అరుదైన రకం. ఇది కలల్లో మాట కాదు, సంతకాలైన ఒప్పందాలున్నాయి. ఇంటర్‌లూన్ అనే కంపెనీ చంద్రుడి నుంచి తెచ్చే హీలియం-3ని 3 లీటర్లు కొంటామని 2025లో అమెరికా ఇంధనశాఖ ఒప్పుకుంది, 2029 నాటికి ఇవ్వాలి. క్వాంటమ్ కంప్యూటర్లని చల్లబరిచే యంత్రాలు చేసే బ్లూఫోర్స్ కూడా కొంటానంది. భూమి మీద ఇది దాదాపు అంతా ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) క్షీణించగా వచ్చేదే, ట్రిటియం అర్ధాయువు 12.3 ఏళ్ళు. కావాలంటే రేపటికి పెంచేసే సరుకు కాదు. గిరాకీ ఉంది, సరఫరా లేదు. బ్యాంకువారికి ఇంకేం కావాలి?

---

పుల్లవిరుపు | సోమవారం రాత్రి 8:30

మూడు లీటర్లు! వాయువు కాబట్టి బరువు సుమారు 0.4 గ్రాము. చంద్రుడి మట్టిలో అది బిలియన్‌కి పది భాగాల చొప్పున ఉందనుకుందాం. ఆ 0.4 గ్రాముకి 40 టన్నుల మట్టిని 700 డిగ్రీల దాకా కాల్చాలి. ఒక కిలోకైతే లక్ష టన్నులు. గనిమనిషి గారూ, ఈ గ్రేడుని మీ భాషలో ఏమంటారు?

---

గనిమనిషి | సోమవారం రాత్రి 9:50

టన్నుకి గ్రాములో నూరోవంతు. బంగారంలో టన్నుకి ఒక గ్రాముందంటేనే మేం రెండుసార్లు ఆలోచిస్తాం. ఇది దానికి వందోవంతు. అయితే మట్టి వదులుగా, పైపైనే ఉంది, పేలుడు పని లేదు. గ్రాముకి ధర బాగా పలికితే తక్కువ గ్రేడు కూడా ఓరే అవుతుంది. నేను కాదనను, నమ్మనూ నమ్మను. ముందు ఆ 40 టన్నులు కదిలించి చూపించమనండి.

---

చట్టంచుట్టం | సోమవారం రాత్రి 10:30

కొనేవాడి సంగతి సరే, అమ్మేవాడికి అది సొంతమేనా? ఎవరూ అడగలేదు.

1967 అంతరిక్ష ఒప్పందం రెండో అధికరణ ప్రకారం చంద్రుడినిగానీ మరే ఖగోళాన్నిగానీ ఏ దేశమూ తనదనడానికి లేదు. తవ్వితీసిన దాని గురించి మాత్రం సూటిగా ఏమీ అనలేదు. ఆ సందులోంచి 2015లో అమెరికా చట్టం చేసింది: నేల నీది కాదు, తీసిన సరుకు నీది. సముద్రం ఎవరిదీ కాదు, పట్టిన చేప మాత్రం జాలరిదే అన్న వాదన. తర్వాత 2017లో లక్సెంబర్గ్, 2019లో యూఏఈ, 2021లో జపాన్ అదే బాట పట్టాయి. మన దేశపు 2023 అంతరిక్ష విధానంలో కూడా, ప్రైవేటు సంస్థలు గ్రహశకలాల నుంచి తీసిన వనరుని సొంతం చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు అన్న వాక్యం ఉంది. చాలామంది గమనించలేదు.

రెండోవైపు 1979 చంద్ర ఒప్పందం. అది చంద్రుడి వనరులు మానవాళి ఉమ్మడి ఆస్తి అంటుంది. మనం సంతకం పెట్టాం, ధ్రువీకరించలేదు. రాకెట్లున్న పెద్ద దేశాలేవీ అందులో లేవు. ఉన్న సౌదీ అరేబియా కూడా బయటికొచ్చేసింది.

ఒక సరదా సంగతి చెప్తాను. 2020లో నాసా చంద్రుడి మట్టి కొంటానని టెండరు పిలిచింది. లూనార్ అవుట్‌పోస్ట్ అనే కంపెనీ ఒక్క డాలరుకే కోట్ చేసింది. తెచ్చివ్వక్కర్లేదు, అక్కడే పోగు చేసి ఫోటో తీసి 'ఇదిగో, ఇక మీది' అంటే చాలు. నాసాకి కావలసింది మట్టి కాదు, చంద్రుడి మట్టి అమ్ముడైందన్న రసీదు. ఆ రోవర్ ఎక్కిన ల్యాండరే 2025 మార్చిలో పక్కకి పడింది. రోవర్ బయటికి రాలేదు. అమ్మకం ఆగిపోయింది.

---

మూడోకన్ను | మంగళవారం ఉదయం 8:15

చేప పోలిక నాకు నచ్చదు. చేపలు పిల్లల్ని పెడతాయి. కాబియస్ బిలంలో మంచు కోట్ల ఏళ్ళుగా చేరింది, తీస్తే మళ్ళీ రాదు. సౌరకుటుంబంలో నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయన్న చరిత్రంతా అందులోనే ఉంది. దాన్ని కాల్చి రాకెట్ వెనకనుంచి వదిలేస్తామంటే, శాసనాలున్న రాళ్ళని కంకర కొట్టినట్టే.

ఇంకోటి. దక్షిణధ్రువం దగ్గర ఎక్కువకాలం ఎండ ఉండే శిఖరాలు వేళ్ళమీద లెక్కించేన్ని. ముందు వెళ్ళినవాడు సౌరఫలకం పాతి, 'భద్రతా మండలం' అంటే అయిపోయింది. చంద్రయాత్రల కోసం అమెరికా ముందుండి చేయించిన ఆర్టెమిస్ ఒప్పందాల్లో ఆ మాట ఉంది. సొంతం అనకుండానే సొంతమైపోతుంది. ఈ ఒప్పందాల్లో చైనా, రష్యా లేవన్నది మర్చిపోవద్దు.

---

చట్టంచుట్టం | మంగళవారం ఉదయం 9:02

మీ భయం న్యాయమైనదే. అయితే ఉమ్మడి ఆస్తి అన్న చోట ఏమైందో కూడా చూడండి. సముద్రగర్భ ఖనిజాలకి అదే సూత్రంతో 1994 నుంచీ ఒక అంతర్జాతీయ సంస్థ ఉంది. మూడు దశాబ్దాలు దాటినా తవ్వకాల నియమావళి తేలలేదు, ఒక్క వాణిజ్య గనీ మొదలుకాలేదు.

---

మూడోకన్ను | మంగళవారం ఉదయం 9:10

మొదలుకాకపోవడం మంచిదేమో!

---

నిర్వాహకుడు | మంగళవారం ఉదయం 11:00

గ్రహశకలాల 'టోకెన్లు' కొనమంటూ ఒక సభ్యుడు పెట్టిన లింకు తీసేశాం. పెట్టుబడి ప్రకటనలు వద్దు. చర్చ కొనసాగించండి.

---

ఇంధనం | మంగళవారం మధ్యాహ్నం 3:25

నిన్న నీళ్ళని గట్టిగా వెనకేసుకొచ్చాను కదా, ఇప్పుడు నా వాదనకి నేనే తూటు పొడుస్తాను. రాత్రంతా ఇదే తొలిచింది.

వేగుచుక్క గారు చెప్పినట్టు రాకెట్లు చవకవుతున్నాయి. గనుల యంత్రాలు చంద్రుడి దాకా పోవాలంటే అవి చవకవ్వాలి. కానీ అంత చవకగా పంపగలిగితే, ఇంధనాన్నే భూమి నుంచి పంపేయొచ్చుగా? చంద్రుడి మీద దిగబోయే స్పేస్‌ఎక్స్ నౌక స్టార్‌షిప్‌కి కక్ష్యలో ఇంధనం నింపడానికి వరసగా ట్యాంకర్ ప్రయోగాలు చెయ్యాలన్నదే ఇప్పటి ప్లాన్. అంటే ఏ చవక రాకెట్ గనిని సాధ్యం చేస్తుందో, అదే దాని గిరాకీ తినేస్తుంది. చంద్రుడి నీళ్ళ పోటీదారు ఇంకో గని కాదు, భూమి మీది ట్యాంకర్.

రెండోది. కొత్త రాకెట్లు చాలావరకు మీథేన్‌తో నడుస్తాయి. మీథేన్‌కి కార్బన్ కావాలి, చంద్రుడి మీద అది అరుదు. నీళ్ళ హైడ్రోజన్ వాటికి పనికిరాదు. కానీ మీథేన్ ఇంజన్‌లో కూడా బరువులో 78 శాతం ఆక్సిజనే! హైడ్రోజన్ ఇంజన్‌లో 86 శాతం. చంద్రుడి మామూలు మట్టిలో బరువులో 40 శాతానికి పైగా ఆక్సిజన్ ఉంది. చీకటి బిలాల్లోకి దిగక్కర్లేదు. ఎండలో నిలబడి, మట్టిని 1,600 డిగ్రీల దాకా కరిగించి కరెంటు పంపితే ఆక్సిజన్ వస్తుంది, అడుగున లోహం మిగులుతుంది. కరెంటు విపరీతంగా తింటుంది, నిజమే. కానీ ఓర్ ఎక్కడుందని వెతకక్కర్లేని గని ఇదొక్కటే.

కాబట్టి నా పందెం మార్చుకున్నా. పైన మొదట అమ్ముడయ్యేది బంగారం కాదు, ప్లాటినం కాదు, బహుశా నీళ్ళూ కాదు. ఆక్సిజన్.

అది ఎంత దూరమో కూడా చెప్పాలి. అంగారకుడి మీద పెర్సివరెన్స్ రోవర్‌లోని మాక్సీ అనే పెట్టె కార్బన్ డయాక్సైడ్ నుంచి ఆక్సిజన్ తీసింది. 2021 నుంచి 2023 దాకా 16 సార్లు నడిపితే మొత్తం 122 గ్రాములు. ఒక మనిషికి నాలుగు గంటలు కూడా రాదు. అయినా చేసి చూపించారు.

---

పాతచెట్టు | మంగళవారం రాత్రి 8:10

అందరికీ ధన్యవాదాలు. రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనట్టు చెప్తాను, తప్పైతే దిద్దండి.

సరుకు ఆక్సిజనో నీళ్ళో. కొనేవాడు పైన తిరిగే రాకెట్. ఆ రాకెట్‌ని పంపేది ఎవరు? మళ్ళీ ప్రభుత్వాలే. నాసా ఆగితే ల్యాండర్ కంపెనీ ఆగుతుంది, ల్యాండర్ ఆగితే గని ఆగుతుంది. మా భాషలో దీన్ని ఒకే ఖాతాదారు మీద నడిచే వ్యాపారం అంటాం. లోన్ ఇవ్వకూడదని కాదు, ఆ ఖాతాదారు మనసు మారితే ఏంటన్నది ముందు రాసుకుంటాం.

---

వేగుచుక్క | మంగళవారం రాత్రి 8:40

విమానాలూ అలాగే మొదలయ్యాయండీ. అమెరికాలో 1925లో చట్టం తెచ్చి, ఉత్తరాలు మోసే పని ప్రైవేటు విమాన కంపెనీలకి అప్పగించారు. ప్రయాణికులు లేని రోజుల్లో వాటిని బతికించింది పోస్టాఫీసు సంచులే.

---

పుల్లవిరుపు | మంగళవారం రాత్రి 8:47

ఉత్తరాలు అప్పటికే ఉన్నాయి. రైల్లో పోయేవి విమానంలో పోయాయి. చంద్రుడికి ఎవరు ఉత్తరం రాస్తున్నారు?

---

వేగుచుక్క | మంగళవారం రాత్రి 8:52

దీనికి నా దగ్గర జవాబు లేదు. రేపు చెప్తా.

---

మట్టిపరీక్ష (కొత్త సభ్యులు) | బుధవారం ఉదయం 6:30

నమస్తే. పాతచెట్టు గారి మేనల్లుణ్ణి నేనే. మావయ్య రాత్రి ఈ లింకు పంపి "చదువుకో" అని ఒక్క ముక్క రాశారు.

గనిమనిషి గారూ, మీ టిప్పర్ లెక్కలో ఒక చిక్కుంది. ఎల్‌క్రాస్ అంకె 5.6కి అటూఇటూ 2.9. అంటే 3 కావచ్చు, 8 కావచ్చు. అదీ ఒకే బిలంలో, ఒకే చోట గుద్దితే లేచిన దుమ్ములో. మంచు గడ్డలుగా ఉందా, మట్టిరేణువులకి పట్టి ఉందా, పైన ఎంత పొడిమట్టి ఉంది, పది మీటర్ల అవతల కూడా ఉందా, ఒక్కటీ తెలీదు. ఒక్క కోర్ శాంపిల్ (గొట్టంతో తొలిచి తీసిన నమూనా) లేదు. మన గనిలో ఇలాంటి డేటాతో ప్లాన్ వేస్తే మేనేజర్ ఏమంటాడో మీకు తెలుసు. అక్కడికెళ్ళి చూడాల్సిన వైపర్ రోవర్‌ని 2024లో రద్దు చేశారు, 2025లో మళ్ళీ బతికించి బ్లూ ఆరిజిన్ ల్యాండర్‌కి అప్పగించారు.

నేను గని తెరవడానికి వెళ్ళట్లేదు. గని ఉందో లేదో చెప్పే పని నేర్చుకోవడానికి వెళ్తున్నాను. లేదని తేలినా ఆ పని పనే. మావయ్యా, అమ్మకి ఇది చెప్పండి. నేను చెప్తే వినట్లేదు.

---

గనిమనిషి | బుధవారం మధ్యాహ్నం 2:10

బాబూ, దిద్దింది సరైనచోటే. నేను అంకె పట్టుకుని పరిగెత్తాను. మా వాళ్ళనైతే దీనికే తిట్టేవాణ్ణి.

అయితే నీకో ప్రశ్న. డ్రిల్ చేసేటప్పుడు ఇక్కడ పొడిని పైకి తెచ్చేది నీళ్ళో బురదో గాలో. అక్కడ మూడూ లేవు. ఉత్త మర మెలికల మీదే పొడి పైకి రావాలి. 1971లో అపోలో 15 వాళ్ళకి డ్రిల్ సగంలోనే బిగుసుకుపోయింది. కోర్ గొట్టం బయటికి లాగడానికి ఇద్దరూ భుజాలు పెట్టి ఎత్తాల్సి వచ్చింది. నాసా ఇన్‌సైట్ ల్యాండర్ వాళ్ళు అంగారకుడి మీద 5 మీటర్లు దిగాలని పంపిన మేకు, రెండేళ్ళు కొట్టినా అర మీటరు దిగలేదు. పైగా నువ్వు వెతికేది మంచు. బిట్ రాపిడికి వేడెక్కితే శాంపిల్ పైకి వచ్చేలోపే ఆవిరైపోతుంది. నువ్వు కొలిచేది నేలలో ఉన్న నీరా, నీ డ్రిల్ మిగిల్చిన నీరా? ఎలా తేలుస్తావు?

---

మట్టిపరీక్ష | బుధవారం రాత్రి 9:25

కొంచెం కొంచెంగా తొలిచి ఆపడమే నాకు తెలిసిన దారి. పది సెంటీమీటర్లు దిగి, బిట్ పైకి తీసి, పొడి వదిలి, చల్లారాక మళ్ళీ దిగడం. వైపర్ కోసం చేసిన ట్రైడెంట్ డ్రిల్ అలాగే పనిచేస్తుంది, ఒక మీటరు దాకా. బిట్ దగ్గరే ఉష్ణోగ్రత కొలుస్తుంది. దాని జోడీనే 2025లో ఇంట్యూటివ్ మెషీన్స్ ల్యాండర్ మీద పంపారు. ల్యాండర్ పక్కకి పడిపోయినా డ్రిల్‌ని చాచి, తిప్పి చూశారు. అంతా సరిగ్గా కదిలింది, నేల మాత్రం అందలేదు.

ఆవిరి నష్టం లెక్క నాకూ పూర్తిగా తెలీదు సార్. మీ దగ్గర పొడి డ్రిల్లింగ్‌లో బిట్ ఎంత వేడెక్కుతుందో రికార్డులుంటే, గని పేరు లేకుండా అంకెలు మాత్రం ఇవ్వగలరా?

---

గనిమనిషి | బుధవారం రాత్రి 10:55

ఉన్నాయి. చేత్తో రాసిన లాగ్ బుక్కులు. ఆదివారం సెలవు, కూర్చుని టైపు చేసి ఇక్కడే పెడతాను. దీనికి వేరే చర్చ మొదలుపెట్టు, ఇందులో కలిపితే ఎవరికీ దొరకదు.

---

పాతచెట్టు | గురువారం ఉదయం 7:05

మా చెల్లెలికి ఫోన్ చేశాను. "వాడు చంద్రుడి మీదకి పోతాడా?" అనడిగింది. పోడు, యంత్రాలే పోతాయి, వాడు ఇక్కడే కూర్చుని అంకెలు చూస్తాడు అన్నాను. "అయితే ఇన్నాళ్ళూ ఆ ముక్క చెప్పడేం!" అని వాడి మీద కేకలేస్తోంది.